తరుగు

బెండిగోలో జూలై పొద్దున
కార్ల అద్దాల మీద మంచు గీకే చప్పుడు.
ఆస్పత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి
ముడతలు పడ్డ వేళ్ళతో
మెర్విన్ ట్రెగేర్ కొట్టు తలుపు తోస్తాను.

గాజు బీరువాలోవి నాకోసం కాదు.
నిన్ననే పుట్టినట్టుంటాయి అవి,
ఒక్క జేబులో కూడా పడుకోని ముఖాలు.
కింద చీటీ చూస్తే ఇంటద్దె గుర్తొస్తుంది.
ట్రెగేర్‌కి తెలుసు.
ఏమీ అనకుండా కౌంటర్ అడుగు నుంచి
బిస్కెట్ల రేకు డబ్బా పైకి తీస్తాడు.

చిల్లు పడినవి, వంగినవి,
బ్రోచి నుంచి పీకేసినవి,
ఎవరో పంటితో కొరికి చూసినవి,
ఎవరో మేకుతో తన పేరు మొదలుపెట్టి
రెండో అక్షరం దగ్గర విసుగెత్తి మానేసినవి.
కొలిమికి పోయే దారిలో
కాసేపు కూర్చున్న ప్రయాణికులు.

జీతం జీతానికి నలభై డాలర్లు, మైలో డబ్బాలో.
పద్నాలుగు జీతాలకు లెక్క సరిపోయింది,
ఈలోగా బంగారం ఇంకో మెట్టెక్కింది.
దానికి మోకాళ్ళ నొప్పులు లేవు.
మరో రెండు జీతాలు ఆగాను.
ఈ కాసును అప్పటిదాకా ఎవరికీ చూపించలేదుట ట్రెగేర్.
అతని ముత్తాత ఈ ఊరి గనుల్లోనే దగ్గి దగ్గి పోయాడు.
అందుకో, మరెందుకో, నేనడగలేదు.

అర సావరిన్. సిడ్నీలో అచ్చయింది.
రాణిగారికి ముక్కు లేదు, కన్ను లేదు,
జుట్టు ముడి ఒక్కటే మిగిలింది,
గోడవైపు తిరిగి పడుకున్న మనిషిలా.
పైన కొక్కెం అతికించి ఊడబెరికిన మచ్చ.
వెనక్కి తిప్పి, టార్చి ఏటవాలుగా పట్టుకుంటే
దేశం పేరులో మొదటి రెండక్షరాలు లేవు.
ఏ, యూ.
ఎనిమిదో తరగతిలో కెమిస్ట్రీ టీచరు
బంగారానికి గుర్తని వందసార్లు రాయించినవి అవే.
నవ్వొచ్చింది. ట్రెగేర్‌కి చెబితే
రెండు నిమిషాల తర్వాత అతనికీ వచ్చింది.

తూచాడు.
ఉండాల్సిన దానికి ఇరవై ఎనిమిది సెంటీగ్రాములు తక్కువ.
నా లెక్కలో రెండు గురివిందలు, ఆపైన కొసరు.

మా మేనత్త వరహాలమ్మ
కంసాలి అరుగు మీద ఒక పూటంతా పోట్లాడేది.
"తరుగు తరుగంటావు,
ఎక్కడికి పోయిందయ్యా నా బంగారం, గాలి తిందా?"
అతను కొలిమి ఊదుకుంటూ ఉండేవాడు.
సాయంత్రం కొట్టు ఊడ్చిన దుమ్ము
కొనుక్కుపోయే మనుషులు వేరే ఉంటారని
ఆవిడకి చివరిదాకా తెలీదు.

ఈ రెండు గురివిందల దుమ్ము ఎవరు ఊడ్చుకుపోయారు?
సారా కొట్టు బల్ల మీద కొంత రాలి ఉంటుంది.
గని మనిషి ముతక లాగు జేబు కొంత తినుంటుంది.
తర్వాత ఏ ఇల్లాలి మెడలోనో
ముప్పై ఏళ్ళు రవిక గుడ్డకు రాసుకుని రాసుకుని.
గుడ్డ బంగారాన్ని అరగదీస్తుందంటే
నోలీన్ నమ్మదు. రోజూ నాతోపాటు దుప్పట్లు మడిచే మనిషి,
దీపానికి అడ్డం పెడితే
వేళ్ళు కనిపించేంత పలచనైన దుప్పట్లు.

తెల్ల చేతితొడుగుల పెద్దమనిషి ఒకాయన
పక్కనుంచి తొంగి చూశాడు.
"కరిగించెయ్యమ్మా, అందులో చూడ్డానికేముంది?"
నిజమే. చూడ్డానికేం లేదు.
తడమడానికే ఉన్నదంతా.

ట్రెగేర్ ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు,
వేలిముద్రలు పడకుండా.
పుచ్చుకుని, మడిచి, పర్సులో పెట్టుకున్నాను.
కాసు మాత్రం యూనిఫాం జేబులో వేశాను.

బస్సు ఇంకా పదకొండు నిమిషాలు.
జేబులో బొటనవేలు
రాణిగారి జుట్టు ముడి మీద
అటూ ఇటూ.
తప్పని తెలుసు.
వరహాలత్తా, ఈ కాస్త తరుగూ
నా పద్దులో రాసుకో.